కర్నూలులో ఉన్న సర్వర్‌కు ఏ బూట్ డ్రైవ్ కొనాలి? ఎంత పెట్టాలి?

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో నాకు పెళ్లి ఫోటోల స్టూడియో ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు షాపులోకి వచ్చి హార్డ్ డిస్కులు పాడయ్యాయి. అప్పటి నుంచి రెండో కాపీని కర్నూలులో మా బావమరిది ఇంట్లో, ట్రూనాస్ (ఫైళ్లు దాచే సర్వర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసిన సర్వర్‌లో ఉంచుతున్నాను. అది పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది, అంటే ఆ సాఫ్ట్‌వేర్ మొదలయ్యేది పెన్‌డ్రైవ్ నుంచే. ఇప్పటికి రెండు పెన్‌డ్రైవ్‌లు పోయాయి (రెండూ కలిపి 1,100 రూపాయలు). రెండుసార్లూ నేనే వెళ్లి మార్చాను. రానూపోనూ బస్సుకు 1,700 అవుతుంది. మొదటిసారి షాపు రెండు రోజులు మూసి 4,000 పోగొట్టుకున్నాను. రెండోసారి 12,000 షూట్ ఒకటి పోయింది. ఇప్పుడు డీలర్ మూడు ధరలు చెప్పాడు: పెన్‌డ్రైవ్ 600, 250 జీబీ ఎస్ఎస్‌డీ 2,900, సర్వర్ గ్రేడ్ 480 జీబీ ఎస్ఎస్‌డీ 14,500. చివరిది నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోమంటున్నాడు, పన్నులో ఎలాగూ తిరిగొస్తుందట. నేను జీఎస్టీలో కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ రేటుతో కట్టే పద్ధతి), ఆదాయపన్నులో ప్రిజంప్టివ్ స్కీమ్‌లో ఉన్నాను. ఏది కొనమంటారు?

జవాబు: ముందు మీ అంకెలే కలుపుదాం. మొదటి ప్రయాణం 5,700, రెండోది 13,700, పెన్‌డ్రైవ్‌లు 1,100. మొత్తం 20,500 రూపాయలు. డీలర్ చూపిస్తున్న అత్యంత ఖరీదైన డ్రైవ్ కంటే మీ చవక పెన్‌డ్రైవ్‌లకే ఎక్కువ ఖర్చయింది. అందుకని 600 మాట మర్చిపోండి. అలాగని 14,500 కూడా వద్దు. 2,900 రూపాయల ఎస్ఎస్‌డీలు రెండు కొని మిర్రర్‌లో, అంటే రెండింటిలోనూ ఒకే కాపీ ఉండేలా జతగా, పెట్టండి.

పెన్‌డ్రైవ్ ఎందుకు పోతుందో నాకు అనుభవమే. మా క్లయింట్ల ఫైళ్ల రెండో కాపీ గుంటూరులో మా అన్నయ్య ఇంట్లో ఉంటుంది. ఒక సోమవారం పొద్దున సర్వర్ పలకలేదు. వదిన వీడియో కాల్ చేసి మానిటర్ చూపించింది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలతో ‘నో బూటబుల్ డివైస్’ అని ఒక్కటే లైను. పెన్‌డ్రైవ్ ముట్టుకుంటే కాలుతోందని చెప్పింది. అప్పుడో ఇప్పుడో నాలుగు ఫైళ్లు ఎక్కించుకోవడానికి చేసిన వస్తువు అది. సర్వర్ సిస్టమ్ మాత్రం రాత్రింబవళ్లు లాగ్‌లు (తను చేసే పనుల చిట్టా) రాస్తూనే ఉంటుంది. పైగా ఆరోగ్యం ఎలా ఉందో మామూలు పెన్‌డ్రైవ్ చెప్పదు, ఒక్కసారిగా పోతుంది. ఎస్ఎస్‌డీ అయితే ఎంత అరిగిందో స్మార్ట్ రీడింగులో (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే లెక్క) మీరు విజయవాడ నుంచే చూసుకోవచ్చు.

బూట్ డ్రైవ్‌లో మీ ఫోటోలు ఉండవు. ట్రూనాస్ దాన్ని డేటాకు వాడుకోనివ్వదు కూడా. దానికి కొద్ది చోటే చాలు. కాబట్టి 480 జీబీకి డబ్బు పెట్టడమంటే ఖాళీ గదికి అద్దె కట్టినట్టే. మన్నిక సంగతికొస్తే, ఉదాహరణకు శామ్‌సంగ్ 870 ఈవో 250 జీబీకి వారంటీ 5 ఏళ్లు లేదా 150 టెరాబైట్ల రాత, ఏది ముందైతే అది. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టెరాబైట్లు. ఆ హద్దు చేరడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. సర్వర్ గ్రేడ్ డ్రైవ్‌లో కరెంటు పోయినప్పుడు రాత చెడకుండా కాపాడే కెపాసిటర్లు ఉంటాయి, మంచివే. కానీ అదీ ఒక్కటే ఉంటే, అది పోయిన రోజు మీరు మళ్లీ కర్నూలు బస్సెక్కాల్సిందే. వారంటీలో కొత్త డ్రైవ్ ఇస్తారేమో గానీ పోయిన షూట్ ఇవ్వరు కదా!

జత పెట్టాక ఒకటి పోయినా రెండోదాని మీద సర్వర్ నడుస్తుంది, మీకు మెయిల్‌లో అలర్ట్ వస్తుంది. ముహూర్తాలు అయ్యాక తీరిగ్గా మార్చుకోవచ్చు. రెండూ ఒకే కంపెనీవి కాకుండా చూడండి. రెండింటి మీదా ఒకేలా రాత పడుతుంది కాబట్టి, ఒకే బ్యాచ్‌వైతే దగ్గర దగ్గరగా పోయే ప్రమాదం ఉంది. మార్కర్‌తో పెద్దగా ఒకదాని మీద ‘ఏ’, ఇంకోదాని మీద ‘బీ’ అని రాయండి. ‘ఏ అని రాసినది తీసి కొత్తది పెట్టు’ అంటే మీ బావమరిది ఫోన్లోనే పని కానిచ్చేస్తారు.

జతకు 5,800 పోగా 14,500లో 8,700 మిగులుతుంది. కర్నూలులో యూపీఎస్ లేకపోతే ముందు దానికి పెట్టండి. యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కు కలిపేది తీసుకుంటే, బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగుతుంది. మిగిలింది షాపు అత్యవసర నిధిలో వేయండి. పోయిన షూట్ లాంటి దెబ్బలకే ఆ నిధి.

ఇక పన్ను మాట. డీలర్ చెప్పింది మీకు వర్తించదు. ప్రిజంప్టివ్ స్కీమ్‌లో టర్నోవర్‌లో చట్టం చెప్పిన శాతాన్ని ఆదాయంగా లెక్కేస్తారు, ఖర్చులూ తరుగుదలా అందులోనే వచ్చేసినట్టు. మీరు 600 పెట్టినా 14,500 పెట్టినా కట్టే పన్ను అంతే. కాంపొజిషన్‌లో ఉన్నారు కాబట్టి డ్రైవ్ మీద కట్టే 18 శాతం జీఎస్టీకి క్రెడిట్ కూడా రాదు, అంటే దాన్ని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేరు. లెక్కలు రాసి తరుగుదల చూపించేవాళ్లకైనా తగ్గేది ఆదాయం, దాని మీద పన్ను మాత్రమే. డ్రైవ్ ధర మొత్తం తిరిగిరాదు. నో కాస్ట్ ఈఎంఐలోనూ వడ్డీ మీద జీఎస్టీ, చాలా కార్డుల్లో ప్రాసెసింగ్ ఫీజు మీ మీదే పడతాయి. 5,800 చేతి నుంచే ఇచ్చేయండి. థర్మల్ కాగితం బిల్లు ఏడాదికే తెల్లబడొచ్చు, ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి. ఐదేళ్ల వారంటీకి అదే ఆధారం.

డ్రైవ్‌లు కొన్న వెంటనే కర్నూలు బయల్దేరకండి. విజయవాడలోనే ఏదైనా పాత కంప్యూటర్‌కు తగిలించి ఓ రెండు వారాలు నడపండి, లోపమున్నది ఇక్కడే బయటపడితే షాపులోనే మార్చుకోవచ్చు. బయల్దేరే ముందు సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైల్‌ను, సీక్రెట్ సీడ్‌తో (అందులోని పాస్‌వర్డులను తెరిచే తాళం) సహా, డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచండి. రెండు డ్రైవ్‌లూ పోయినా ఆ ఫైల్ ఉంటే సిస్టమ్ మళ్లీ వేసి, డేటా పూల్ (మీ ఫోటోలున్న డిస్కుల సమూహం) కలుపుకుని గంటలో లేవొచ్చు. పూల్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే తాళం ఫైల్ కూడా వేరేగా ఉండాలి.

కర్నూలులో బయోస్‌లో (మెషిన్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల తెర) రెండు డ్రైవ్‌లనూ బూట్ వరుసలో పెట్టండి. కరెంటు తిరిగి రాగానే మెషిన్ తనే లేచేలా సెట్టింగ్ మార్చండి. తర్వాత సర్వర్ ఆపి, ‘ఏ’ డ్రైవ్ పీకేసి ఆన్ చేసి చూడండి. మళ్లీ ఆపి దాన్ని పెట్టి, రెండింటిలోనూ కాపీ మళ్లీ ఒకేలా అయ్యాక ‘బీ’ డ్రైవ్ పీకి చూడండి. ఈ పరీక్ష చేయకుండా తిరుగు బస్సు ఎక్కొద్దు.

ఇంకొకటి. కర్నూలు కూడా 2009 అక్టోబరులో నీట మునిగిన ఊరే. మీ సర్వర్ కింది పోర్షన్‌లో ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు మేడ మీదకు మార్పించండి.