పీరియడ్స్‌కి ముందు వారం వాచ్ రోజూ 'రెస్ట్ తీసుకో' అంటోంది, జిమ్ మానేయాలా?

మానేయక్కర్లేదండీ. డేట్‌కి వారం ముందు నుంచి రికవరీ స్కోరు (ఒళ్లు ఎంత కోలుకుందో వాచ్ వేసే మార్కు) ఎర్రగా చూపిస్తోందని, సైకిల్‌ని బట్టి వర్కౌట్ మార్చే యాప్‌కి డబ్బులు కట్టాలా అని కూడా అడిగారు. నేను హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా పరిగెత్తుతున్నాను, బరువులు ఎత్తుతున్నాను, రాత్రిళ్లు గుండె వేగం, నిద్ర కొలిచే స్మార్ట్ రింగ్ పెట్టుకునే పడుకుంటాను. నాకు అర్థమైనంతలో చెబుతాను.

ముందు ఆ స్కోరు సంగతి. ఓవ్యులేషన్ (అండం విడుదల) అయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దానివల్ల ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా ఎక్కువవుతుంది. నిద్రలో గుండె వేగం కాస్త పెరుగుతుంది, హెచ్‌ఆర్‌వి (ఒక్కో గుండె చప్పుడు మధ్య వ్యవధిలో ఉండే తేడా) తగ్గుతుంది. జ్వరం వచ్చే ముందు, నిద్ర చాలనప్పుడు, మితిమీరి కష్టపడినప్పుడు కూడా మారేవి ఇవే. చాలా వాచీలు మీ గత కొద్ది వారాల సగటుతో పోల్చి స్కోరు వేస్తాయి కాబట్టి, ప్రతి నెలా మామూలుగా జరిగే మార్పుని కూడా అలసట కిందే లెక్కేస్తాయి.

అందుకే ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చకండి. పోయిన నెల ఇదే వారంతో పోల్చండి. యాప్‌లో స్కోరు పేజీ వదిలేసి, రెస్టింగ్ హార్ట్ రేట్ (విశ్రాంతిలో గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో) గ్రాఫ్‌ని నెలల వారీగా పెట్టి చూడండి. నాకు బ్లీడింగ్ తగ్గిన వారంలో 58 దగ్గర ఉంటుంది, డేట్ దగ్గరపడేసరికి 61, 62కి చేరుతుంది. అది నా మామూలు. ఆ రోజుల్లో స్కోరు ఎంత ఎర్రగా ఉన్నా స్క్వాట్స్ చేస్తాను. ఒకసారి అదే వారంలో 68 చూపించింది, లేవగానే గొంతు గరగర. షూ వేసుకోకుండా ఇంట్లోనే ఉండిపోయాను, సాయంత్రానికి జ్వరం వచ్చింది. వాచ్ నిజంగా పనికొచ్చేది ఇలాంటి రోజునే.

ఇక యాప్ విషయం. 'ఈ వారం బరువులు, ఆ వారం యోగా మాత్రమే' అని అందరికీ ఒకే చార్ట్ ఇచ్చేవాటికి డబ్బు దండగని నా గట్టి నమ్మకం. 2020లో స్పోర్ట్స్ మెడిసిన్ పత్రికలో చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. పీరియడ్స్ మొదటి రోజుల్లో సామర్థ్యం అతి స్వల్పంగా తగ్గవచ్చని, మనిషి మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి ఎవరికి వారుగా చూసుకోవాలని అందులో తేల్చారు. 2019 ప్రపంచ కప్ గెలిచిన అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టు కూడా ఒక్కో ప్లేయర్ లక్షణాల్ని విడివిడిగా గమనించి తిండి, నిద్ర సర్దుకుంది. ఫైనల్ డేట్‌ని ఎవరి సైకిల్ కోసమూ మార్చరు కదా!

నేను మార్చుకునేవి కొన్నే. మొదటి రోజు కడుపునొప్పి ఉంటే నడక, తేలికపాటి స్ట్రెచింగ్. నొప్పి లేకపోతే మామూలు వర్కౌటే. చివరి వారంలో నిద్ర సరిగ్గా పట్టకపోతే ఇంటర్వల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పరుగు) మానేసి నింపాదిగా పరిగెత్తుతాను, బరువుల్లో ఒక సెట్ తగ్గిస్తాను. ఏప్రిల్, మే నెలల్లో ఆ వారం మరీ కష్టం. ఒళ్లు అప్పటికే వేడిగా ఉంటుంది, పైన ఎండ. అప్పుడు వాచ్ చూపించే హార్ట్ రేట్ జోన్‌ని (గుండె వేగాన్ని బట్టి శ్రమ స్థాయిని) పట్టించుకోను. పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగే వేగంలో, తెల్లారకముందే కేబీఆర్ పార్క్ చుట్టూ తిరిగొచ్చి ఉప్పు వేసిన మజ్జిగ తాగుతాను.

మీకు పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో పీరియడ్స్ క్రమం తప్పే సమస్య) ఉంటే వాచ్ చెప్పే రాబోయే తేదీల్ని నమ్ముకోవద్దు. యాపిల్ వాచ్‌లో 2022 నాటి సిరీస్ 8 నుంచి ఉన్న ఉష్ణోగ్రత సెన్సర్ కూడా ఓవ్యులేషన్ అయిపోయాకే, ఫలానా రోజు అయి ఉండొచ్చని అంచనా ఇస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఈ ఎగుడుదిగుళ్లు సహజ సైకిల్‌లోలా ఉండవు, యాప్ చూపించే దశలకి అర్థమూ లేదు. గర్భం రాకుండా చూసుకోవడానికి మాత్రం వాచ్ తేదీల్ని లెక్కలోకి తీసుకోకండి.

నీరసం ఒక్క వారానికే పరిమితం కాకుండా నెలంతా ఉంటే రింగ్ కంటే ముందు రక్తపరీక్ష చేయించండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఒంట్లో ఐరన్ నిల్వల్ని చూపించే ఫెర్రిటిన్ కూడా అడిగి చేయించండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. గంట గంటకీ ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, వ్యాయామం పెంచాక మూడు నెలలుగా పీరియడ్స్ రాకపోయినా నేరుగా గైనకాలజిస్ట్ దగ్గరికే వెళ్లండి.