విరిగిన బోల్టులు, ఆ చక్రం ఎవరికీ ఇవ్వకండి

ప్రశ్న: మాది గోపాలపట్నం. నేనూ నా భార్యా కర్రీ పాయింట్ నడుపుకుంటున్నాం. క్యారియర్లు ఇచ్చి రావడానికని సైకిల్‌కి ఆన్‌లైన్‌లో కొన్న హబ్ మోటార్ కిట్ (చక్రం మధ్యలోనే మోటార్ ఉండేది) పెట్టించాను. 250 వాట్లని అమ్మారు గానీ మోటార్ మీద 350 అని ఉంది. వెనక బ్రేకు సరిగా ఆగడం లేదంటే ఒక షాపతను మోటార్ మూతకి డ్రిల్ చేసి డిస్క్ బిగించాడు, 2,800 రూపాయలు తీసుకున్నాడు. ఐదు వారాలకే సింహాచలం కొండ దిగుతుంటే బోల్టులు తెగి డిస్క్ ఊడిపోయింది, పడ్డాను, మణికట్టు విరిగింది. అడిగితే "నువ్వు వెయ్యమంటేనే వేశా" అంటాడు. చక్రం తెస్తే ఫ్రీగా బాగు చేస్తానని ఇప్పుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. కిట్ కంపెనీ వారంటీ పోయిందంది. కేసు వెయ్యొచ్చా?

జవాబు: వెయ్యొచ్చు. కానీ ముందు ఒక్క పని చెయ్యండి, ఆ చక్రం అతనికి ఇవ్వకండి. మీ కేసు మొత్తం ఆ చక్రంలోనే ఉంది. అది బాగైపోయి తిరిగొస్తే ఇక మీ చేతిలో మిగిలేది మీ మాట, అతని మాట, అంతే. తెగిన బోల్టు ముక్కలు, డిస్క్, మూత అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఒక సంచిలో కట్టి లోపల పెట్టండి, తుడవొద్దు, మన ఊరి ఉప్పుగాలికి తుప్పు పట్టకముందే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. వస్తువులో లోపం పరీక్ష చేస్తే గానీ తేలదనుకుంటే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపిస్తుంది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38లో ఆ ఏర్పాటు ఉంది.

ఏం లోపం అని అడుగుతారు కదా, నేను ఈ పని తెలిసిన మెకానిక్‌ని కూర్చోబెట్టి అడిగాను. డిస్క్ కోసమే చేసిన హబ్ మోటార్‌కి మూత మీద 44 మిల్లీమీటర్ల వలయంలో ఆరు రంధ్రాలు, మరలతో సహా, ఫ్యాక్టరీలోనే వస్తాయి, 5 మిల్లీమీటర్ల బోల్టులు పడతాయి. బ్రేకు పట్టినప్పుడు బండి బరువు, మీ బరువు, క్యారియర్ల బరువు, ఆ వేగం అంతా ఆపే బలం ఆ ఆరు బోల్టుల మీదే పడుతుంది. డిస్క్‌కి చోటు లేని మోటార్ మూత పల్చటి అల్యూమినియం, అందులో డ్రిల్ చేసి మర కోస్తే నిలబడదు, రంధ్రాలు సరిగ్గా మధ్యకి రాకపోతే డిస్క్ ఊగుతుంది, ఊగే కొద్దీ బోల్టులు వదులవుతాయి. బోల్టు పొడవెక్కువైతే లోపల వైండింగ్‌కి (మోటార్ రాగి తీగ చుట్లకి) తగిలే ప్రమాదం వేరే. ఇదంతా షాపతనికి తెలియాలి. మీకు తెలియక్కర్లేదు. మీరు అడిగింది బ్రేకు ఆగాలని, డ్రిల్ చెయ్యమని కాదు, ఒకవేళ చెయ్యమన్నా "ఈ మోటార్‌కి కుదరదు" అని చెప్పాల్సింది అతనే. డబ్బు తీసుకుని చేసిన పనిలో ఇలాంటి నిర్లక్ష్యాన్నే చట్టం సేవా లోపం అంటుంది.

వ్యాపారానికి వాడారు కాబట్టి మీరు వినియోగదారు కాదని అవతలి లాయరు అంటాడు. భయపడొద్దు, సొంతంగా బతుకుతెరువు కోసం వాడుకునేవాళ్లు వినియోగదారులేనని చట్టంలోనే రాసి ఉంది.

ఇక మీకు నచ్చని విషయం. మీది ఇప్పుడు సైకిల్ కాదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటార్ ముప్పై నిమిషాల పవర్ (అరగంట ఆగకుండా ఇవ్వగలిగే పవర్) 250 వాట్లకి తక్కువ, వేగం 25 కిలోమీటర్లకి లోపు ఉండాలి, పైగా పరీక్షా సంస్థ ధ్రువీకరించాలి, అప్పుడే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. 350 అని రాసి ఉన్న మోటార్‌తో, ధ్రువీకరణ లేని కిట్‌తో ఆ మినహాయింపు మీకు దొరకదు. అవతలివాళ్లు దీన్ని తప్పకుండా లేవనెత్తుతారు. నా ఉద్దేశంలో దీనివల్ల షాపతని తప్పు మాసిపోదు, ఎందుకంటే బోల్టులు తెగింది రిజిస్ట్రేషన్ లేక కాదు. కానీ మీ వంతు నిర్లక్ష్యం కూడా ఉందని పరిహారం కొంత కొయ్యొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. ఆ రోజు మీ ముందు ఒక ముసలాయనో పిల్లో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి, క్రిమినల్ కేసుతో పాటు ఇన్సూరెన్స్ లేదు కాబట్టి పరిహారం అంతా మీ జేబులోంచే కట్టాలి. చెయ్యి బాగయ్యాక కూడా ఈ కిట్‌తో మళ్లీ రోడ్డెక్కకండి, దయచేసి.

కిట్ కంపెనీ మీద బ్రేకు విషయంలో వెళ్లడం దండగ. మార్చిన వస్తువు వల్ల దెబ్బ తగిలితే అమ్మినవాడి మీద ప్రొడక్ట్ లయబిలిటీ కేసు (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం అడిగే కేసు) నిలవదని అదే 2019 చట్టం సెక్షన్ 87 చెబుతోంది. అయితే 250 అని చెప్పి 350 అంటగట్టడం వేరే తప్పు, ఆ ఆన్‌లైన్ పేజీ, బిల్లు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, ఆ ఒక్క విషయానికి వాళ్లనీ ప్రతివాదిగా చేర్చొచ్చు. వాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, మీరు ఉండేది ఇక్కడ కాబట్టి విశాఖ జిల్లా కమిషన్‌లోనే వెయ్యొచ్చు.

(రిజిస్ట్రేషన్ ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకి డ్రమ్ము తీసి డిస్క్ వేయించుకుందామని అడిగే వాళ్లకి కూడా చెబుతున్నా: కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని అనుమతి లేకుండా మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చు.)

షాపతను బిల్లు ఇవ్వకపోయి ఉంటే ఫోన్‌పే చెల్లింపు చాలు, అతను ఫ్రీగా చేస్తానన్న మెసేజ్‌లు ఉంటే ఇంకా మంచిది, ఫోన్ మారిస్తే పోతాయి జాగ్రత్త. ముందు స్పీడ్ పోస్టులో తెలుగులోనే నోటీసు పంపండి, పదిహేను రోజులు గడువివ్వండి. ఆస్పత్రి ఖర్చు, పట్టీ వేసుకుని పాయింట్ మూసేసిన రోజుల ఆదాయం, కొత్త చక్రం ఖరీదు విడివిడిగా రాయండి. వస్తువుకో పనికో మీరు చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. కేసు వెయ్యడానికి గడువు, మీరు కింద పడిన రోజు నుంచి రెండేళ్లు, కానీ మూత లోపల విరిగిన బోల్టు ముక్కకి తుప్పు రెండేళ్లు ఆగదు, ఈ వారమే మొదలుపెట్టండి.