అవ్వ తెలుగును రికార్డు చేయాలా? చుట్టాలతో మొదలుపెట్టండి

చెన్నైలోనే పుట్టి పెరిగిన మీ అవ్వ మాట్లాడే తెలుగును రికార్డు చేయాలనుందని, ఏ పదాల జాబితా తీసుకోవాలని అడిగారు. నేను ఇక్కడే చెన్నై చాకలిపేటలో మా అవ్వ దగ్గర నాలుగేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. నన్నడిగితే మొదట్లోనే జాబితా వద్దు.

నేను చేసిన పొరపాటు అదే. భాషల్ని పోల్చడానికి మోరిస్ స్వాదేశ్ తయారుచేసిన వంద పదాల పట్టిక ప్రింట్ తీసుకెళ్లి, ఫోన్ ఆన్ చేసి, వరసగా అడుగుతూ పోయాను. అవ్వకు టెన్షన్ పట్టుకుంది. ఇంట్లో ఎప్పుడూ నిప్పు అనే మనిషి, ఆ రోజు గొంతు సవరించుకుని "అగ్ని" అంది. "పరీక్ష పెడతా ఉండావా నైనా?" అని కూడా అడిగింది. గంటసేపు రికార్డు చేస్తే, ఆమె మామూలుగా మాట్లాడే మాటలు పట్టుమని పది దొరకలేదు.

తర్వాత పనికొచ్చింది డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే మానవశాస్త్రవేత్త పద్ధతి. 1898లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లిన కేంబ్రిడ్జ్ బృందంలో ఉండగా ఆయన దాన్ని మొదలుపెట్టి, 1901-02లో నీలగిరుల్లో తోడాలు అనే గిరిజనుల దగ్గర కూడా వాడాడు. తల్లి, తండ్రి, బిడ్డ, భర్త, భార్య అనే నాలుగైదు మాటలతోనే ముందు మనుషుల పేర్లు రాసుకోవాలి. "మీ అమ్మ ఎవరు? ఆమెకు పిల్లలెందరు?" ఇలా. ఆ తర్వాత ఒక్కొక్కరినీ తలచుకుని "ఈయన్ని నువ్వేమని పిలుస్తావు?" అని అడగాలి. "బావ అంటే ఎవరు" అని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఫలానా బావ సంగతి అడిగి చూడండి, ఆయన పెళ్లిలో జరిగిన గొడవ దాకా చెబుతారు.

చనిపోయిన బంధువుల పేర్లు పలకకూడదన్న కట్టుబాటు తోడాల్లో ఉండటంతో రివర్స్ ఇబ్బంది పడ్డాడు. మా ఇంట్లోనూ తాత పేరు దగ్గర పని ఆగింది. అవ్వ మొగుడి పేరు పలకదు. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూస్తుంటే, గోడ మీది తిరుమల క్యాలెండర్ వైపు గడ్డంతో చూపించి "ఆయనే" అంది. నేను పేరు రాసుకున్నాను. చూపించిన తీరునూ రాసుకున్నాను. మీరు కూడా ఇలాంటివి వదలకండి, ఆడియోలో ఇవి పడవు.

అసలు సంగతి వరసల్లో ఉంది. మా కుర్రకారు అన్న భార్యను తమిళంలో లాగా "అణ్ణి" అంటారు. దానికి అవ్వ ఏమీ అనదు. కానీ మనకన్నా పెద్దదైన మేనమామ కూతురు కూడా మనకు వదినే కదా. ఆ అమ్మాయిని అణ్ణి అనడానికి వీళ్లకు నోరు రాక "అక్క" అనేస్తారు. అక్కడ అవ్వ ఊరుకోదు: "మామ కూతుర్ని అక్కంటే వరస తప్పిపోదా?" అక్క అంటే తోడబుట్టినట్టు, వదిన అంటే మేనరికపు వరస. ఒక్క పిలుపు మారేసరికి ఎవరిని చేసుకోవచ్చు, ఎవరిని కూడదు అనే లెక్కే మారిపోతోంది.

ఇది చిన్న విషయం కాదు. తండ్రి అన్నదమ్ముల్ని తండ్రి వరసలోనే పిలవడం అమెరికా ఆదివాసులైన సెనెకా ప్రజల్లో చూసిన మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్, అలాంటి తీరే తమిళ, తెలుగు కుటుంబాల్లోనూ ఉందని 1871లో అచ్చువేశాడు. మన పెదనాన్న, చిన్నాన్న మాటల్లో నాన్న ఉన్నాడు చూడండి. బంధుత్వాల మీద మానవశాస్త్రం చేసిన చదువు చాలావరకు అక్కడి నుంచే నడిచింది.

మీకు డిగ్రీ అక్కర్లేదు. ఫోన్ చాలు, కాకపోతే ఫ్యాన్ ఆపండి. ప్రతి ఫైలుకూ తేదీ పెట్టండి. ఆమె "ఇది తీసెయ్" అంటే వెంటనే ఆమె ఎదురుగానే తీసేయండి. మొదటి రోజు పాత పెళ్లి ఆల్బం ఒకటి పట్టుకెళ్లండి. మా అవ్వ ఒక్క ఫోటో దగ్గరే నలభై నిమిషాలు ఆగిపోయింది.