పాత ఆర్కేడ్ గేముల్లో శత్రువులకు అంత ప్రాధాన్యం ఎందుకు?

పాత ఆర్కేడ్ గేముల (నాణెం వేసి ఆడే పెద్ద మెషీన్ల మీది గేముల) గురించి మాట్లాడేవాళ్లు హీరో కన్నా శత్రువుల గురించే ఎక్కువ చెబుతారు, వాటిలో అంత ఏముంది అని అడిగారు. ప్యాక్‌మ్యాన్ అంటే గోడల మధ్య దారుల్లో నాలుగు దెయ్యాలకు చిక్కకుండా చుక్కలన్నీ తినే గేమ్. శత్రువులే లేని ప్యాక్‌మ్యాన్‌ని నేను కొన్ని రోజులు ఆడాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ, సాధన కోసం ప్యాక్‌మ్యాన్‌ని సొంతంగా రాద్దామని కూర్చున్నాను. ముందు గోడలు గీశాను, తర్వాత చుక్కలు పెట్టాను. అసలు గేములో ఉన్నట్టే 240 చిన్న చుక్కలు, 4 పెద్దవి. పసుపుపచ్చ బొమ్మ, అదే ప్యాక్‌మ్యాన్, నోరు తెరుస్తూ మూస్తూ వాటిని తినేస్తోంది. మొదటిసారి బోర్డంతా ఖాళీ చేసినప్పుడు నేను రాసింది పని చేస్తోందని భలే సంతోషమేసింది. రెండోసారి చేతులు ఆడుతున్నాయి కానీ మనసు ఎక్కడో ఉంది. మూడోసారి సగంలో ఆపేశాను. అప్పటికి మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వాడికిస్తే కాసేపు ఆడి, "అమ్మా, ఇది ఇల్లు ఊడుస్తున్నట్టుంది" అన్నాడు.

అప్పుడు దెయ్యాలు పెట్టాను. నాలుగింటికీ ఒకటే రూలు: ప్యాక్‌మ్యాన్ ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తాలి. కష్టంగా ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే నాలుగూ కాసేపటికి ఒకదాని వెనక ఒకటి చేరి రైలు పెట్టెల్లా వస్తున్నాయి. నాలుగు శత్రువులున్నా నిజానికి ఉన్నది ఒక్కటే. రెండు మలుపులు తెలిస్తే ఎంతసేపైనా తిప్పుకుంటూ తిరగొచ్చు.

సరే అని రూలు తీసేసి, వాటి ఇష్టం వచ్చినట్టు తిరగమని వదిలేశాను. ఇది ఇంకా చెడిపోయింది. ఒక్కోసారి ఎటు నుంచో వచ్చి మీద పడతాయి, ఒక్కోసారి మన పక్క నుంచే వెళ్లిపోతాయి. మా వాడు చచ్చిపోయిన ప్రతిసారీ "ఇందులో నా తప్పేం లేదు కదా" అనేవాడు. నిజమే, వాడి తప్పు లేదు. తప్పు లేనప్పుడు ఈసారి ఇంకోలా ఆడదామన్న పట్టుదల ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు గేమ్ ఎలా పని చేస్తుందో అప్పుడు కూర్చుని చదివాను. 1980లో జపాన్‌లో నామ్కో కంపెనీ తెచ్చిన గేమ్ అది, దాన్ని రూపొందించింది తోరు ఇవతాని. నాలుగు దెయ్యాలకూ నాలుగు స్వభావాలు ఇచ్చారు. ఎర్రది నేరుగా మనమున్న గడికే వస్తుంది. గులాబీది మనం ఎటు చూస్తున్నామో అటు నాలుగు గళ్లు ముందుకు గురి పెడుతుంది. అంటే వెంటపడటం కాదు, దారి కాయడం. జపనీస్‌లో ఈ రెండింటి పేర్లకు అర్థాలు కూడా అవే: తరిమేది, మాటు వేసేది. నారింజరంగుది మనకు ఎనిమిది గళ్ల కన్నా దూరంగా ఉన్నప్పుడు మన మీదికే వస్తుంది, దగ్గరపడగానే ఎడమవైపు కింది మూలకు మళ్లిపోతుంది.

నాకు బాగా నచ్చింది నీలిరంగుది. మన ముందు రెండు గళ్ల దూరంలో ఒక చోటు తీసుకుంటారు. ఎర్ర దెయ్యం నుంచి అక్కడికి ఒక గీత గీసి, అదే గీతను ఇంకో అంత పొడిగిస్తారు. ఆ కొస ఎక్కడుంటే నీలిది అక్కడికి వెళుతుంది. అందుకే ఎర్రది దూరంగా ఉన్నప్పుడు దీనికి మనతో పనే లేనట్టు ఎటో తిరుగుతుంటుంది. ఎర్రది వెనకాలే ఉంటే మాత్రం ఇది ముందు నుంచి వస్తుంది. ఇద్దరూ మాట్లాడుకుని పన్నాగం పన్నారనిపిస్తుంది. నిజానికి అది రెండు మూడు లైన్ల లెక్క. ఆ లైన్లు రాసి గేమ్ నడిపిన రాత్రి మొదటిసారి నా అరచేతులకు చెమట పట్టింది.

ఇంకో ముఖ్యమైన సంగతి, అవి అస్తమానం తరుముతూనే ఉండవు. మొదటి బోర్డులో తొలి 7 సెకన్లు తలో మూలకు పోతాయి, తర్వాత 20 సెకన్లు వేట, మళ్లీ కాస్త విరామం. ఆ విరామం తీసేసి చూశాను. గేమ్ కష్టమైంది, కానీ ఆడుతుంటే సరదా పోయి అలసట వచ్చింది. టెన్షన్ తగ్గే క్షణం ఉంటేనే అది మళ్లీ పెరగడం తెలుస్తుంది.

శత్రువు నుంచే ఆ టెన్షన్ ఎలా పుడుతుందో చూడాలంటే రెండేళ్ల ముందుది, 1978లో తైతో కంపెనీ తెచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ చూడండి. తోమొహిరో నిషికాదో చేసిన గేమ్. వరుసకు 11 చొప్పున 5 వరుసల్లో 55 శత్రువులు. అన్నింటినీ కదిలించడం అప్పటి ప్రాసెసర్‌కు భారం కాబట్టి మొదట్లో మెల్లగా నడుస్తాయి. మనం కాల్చేకొద్దీ భారం తగ్గి, మిగిలినవి వేగం పుంజుకుంటాయి. నిషికాదో దాన్ని సరిచేయకుండా కావాలనే అలా ఉంచేశారు. మనం గెలుస్తున్నకొద్దీ శత్రువు భయంకరంగా మారతాడు, చివరికి మిగిలిన ఒక్కటీ అన్నింటికన్నా ఎక్కువ కంగారు పెడుతుంది. ప్యాక్‌మ్యాన్‌లో ఎర్రది కూడా అంతే, మొదటి బోర్డులో 20 చుక్కలు మిగలగానే వేగం పెంచుతుంది.

నా చిన్నప్పుడు, 1990లలో, మా ఊళ్లో టీవీకి తగిలించే వీడియో గేమ్ అద్దెకు ఇచ్చేవాళ్లు. వేసవి సెలవుల్లో మా అన్నయ్యా నేనూ డబ్బులు కూడబెట్టి తెచ్చుకునేవాళ్లం. మాకిష్టమైనది గాలగా. 1981 నాటి ఆర్కేడ్ గేమ్ అది, మేం ఆడింది టీవీకి చేసిన రూపం. అందులో పెద్ద శత్రువు కిందికి దిగి ఒక కాంతి వల విసిరి మన విమానాన్ని ఎత్తుకుపోతుంది. ఒక లైఫ్ పోయినట్టే. కానీ తర్వాత ఆ శత్రువు దాన్ని వెంటబెట్టుకుని మన మీదికి దిగుతున్నప్పుడు గురి చూసి కొడితే, మన విమానం తిరిగొచ్చి పక్కన చేరుతుంది, రెండూ కలిసి కాలుస్తాయి. పొరపాటున మన విమానానికే తగిలిందా, అదీ పోతుంది. అన్నయ్య కావాలనే వల కిందికి వెళ్లి నిలబడేవాడు. "వద్దురా" అని అరుస్తూ నేను కళ్లు మూసుకునేదాన్ని. వాడు ఆ శత్రువును ఎంతగా చదివేశాడంటే, అది ఏం చేస్తుందో తెలిసి దానికే తన లైఫ్ అప్పగించేవాడు. హీరో విమానం గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకున్న గుర్తు లేదు. మాటలన్నీ ఆ పెద్దది ఎప్పుడు దిగుతుంది, ఎటు తిరుగుతుంది అన్నదాని మీదే.

నా ప్యాక్‌మ్యాన్‌లో దెయ్యాలకు స్వభావాలు పెట్టాక మా అబ్బాయి మళ్లీ ఆడాడు. మూడో రోజుకు ప్యాక్‌మ్యాన్ వైపు చూడటమే మానేసి దెయ్యాలనే చూస్తున్నాడు. చచ్చిపోయినప్పుడు "గులాబీది ముందే కాపు కాసింది, నేనే అటు వెళ్లకూడదు" అన్నాడు.

మీరూ ఒకసారి ఒక బోర్డంతా నారింజరంగుదాన్నే గమనిస్తూ ఆడి చూడండి. అది మీద పడబోతున్నట్టు వస్తుంటే, ఎడమవైపు కింది మూలకు వెళ్లే దారికి అడ్డంగా లేకుండా చూసుకుని, మీ పని మీరు చేసుకోండి.