ఆ మాట దేవుడు చెప్పమన్నదేనా?

ప్రశ్న: నా వయసు 28 ఏళ్లు. రెండేళ్ల సువార్త సేవ కోసం మా సంఘం నన్ను పరాయి దేశానికి పంపింది. వచ్చి 14 నెలలయింది. మూడో నెలలో ఒక సాయంత్రం బసకు తిరిగి వెళ్తుండగా, అంతకుముందు ఒకసారి కలిసిన వృద్ధురాలి ఇంటికి మళ్లీ వెళ్లాలని లోపల గట్టిగా అనిపించింది. వెళ్లి చూస్తే ఆమె మెట్ల దగ్గర జారిపడి, లేవలేక ఉన్నారు. అప్పటినుంచి ఏ ఆలోచన బలంగా వచ్చినా అది పరిశుద్ధాత్మ ప్రేరేపణేనని నమ్మి నడిచాను. చాలాసార్లు ఏమీ జరగలేదు, తలుపులు తట్టి వెనక్కి వచ్చాను. నాలుగు నెలల క్రితం, ఆసుపత్రిలో ఉన్న ఒక అబ్బాయి తల్లితో "మీ బాబు కోలుకుంటాడని దేవుడు నాకు చెప్పాడు" అన్నాను. పది రోజులకు ఆ అబ్బాయి చనిపోయాడు. మళ్లీ ఆమె ముఖం చూడలేకపోయాను. ఇప్పుడు ఏ ప్రేరేపణ వచ్చినా భయమే. చెప్పాపెట్టకుండా ఎక్కడికో వెళ్లిపోతున్నానని మా బృందానికి పెద్దగా ఉన్న సహోదరుడు మందలిస్తున్నారు. ఈ మధ్య రాత్రిళ్లు "ఇంటికి వెళ్లిపో" అన్న మాట లోపల వినిపిస్తోంది. ఇంటి దగ్గర అమ్మ ఒంటరిగా ఉంది. ఇది దేవుని పిలుపా, నా బెంగా? ఎలా తెలుసుకోవాలి?

జవాబు: సహోదరీ, మీరు అడిగింది ఇంటికి వెళ్లడం గురించే అయినా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం "మళ్లీ ఆమె ముఖం చూడలేకపోయాను" అన్నది. అందుకని నా జవాబును ఆ తల్లి దగ్గరే మొదలుపెడుతున్నాను. బిడ్డను పోగొట్టుకున్న దుఃఖానికి తోడు, మీ మాట వల్ల ఆమెకు ఇంకొక దుఃఖం కూడా కలిగి ఉండవచ్చు. దేవుడు మాట ఇచ్చి తప్పాడా, లేక ఆ మాట నెరవేరకపోవడానికి తన విశ్వాసం చాలలేదా అని ఆమె నాలుగు నెలలుగా తనను తాను నిలదీసుకుంటూ ఉండవచ్చు. తెలియక చేసినా ఆ బరువు ఆమె మీద పెట్టింది మీరు, దాన్ని దించగలిగినది కూడా మీరే. కాబట్టి ఆమె దగ్గరికి వెళ్లండి. ఇందుకోసం ప్రేరేపణ కలిగేదాకా ఎదురుచూడనక్కర్లేదు. ఎవరికైనా హాని చేస్తే వెళ్లి ఒప్పుకోవాలన్నది మీకు ఇదివరకే తెలిసిన సంగతి.

ఒంటరిగా మాత్రం వెళ్లకండి. అక్కడి సంఘంలో ఆ తల్లిని ఎరిగిన స్థానికురాలు, వయసులో పెద్దావిడ ఎవరైనా ఉంటే, ముందు ఆమెకు జరిగినదంతా దాచకుండా చెప్పి, చావు జరిగిన ఇంటికి ఆ దేశంలో ఎప్పుడు, ఎలా వెళ్తారో తెలుసుకుని, ఆమెతో కలిసి వెళ్లండి. లోపలికి రానిస్తే చెప్పవలసింది కొంచెమే: "ఆ రోజు దేవుడు చెప్పాడని నేను అనడం తప్పు. మీ బాబు బతకాలని నేను ఎంతో కోరుకున్నాను, ఆ కోరికనే దేవుని మాటగా చెప్పేశాను. మీ విశ్వాసంలో లోపమేమీ లేదు. నన్ను క్షమించండి." ఆ తర్వాత దేవుని సంకల్పాన్ని వివరించబోకండి. ఆమె అడిగితే తప్ప ప్రార్థన కూడా మొదలుపెట్టకండి. ఆమె కోప్పడితే కూర్చుని వినండి. తలుపు తీయకపోతే ఆ పెద్దావిడ చేత ఇవే మాటలు రాసిన చీటీ పంపి, అంతటితో ఊరుకోండి. క్షమించానని ఆమె నోట అనిపించుకోవాలన్న ఆరాటం మీ మనశ్శాంతి కోసమే అవుతుంది గానీ ఆమె కోసం కాదు.

ఆ మాట ఏ భాషలో అన్నారో మీరు రాయలేదు. అక్కడి భాషలోనే అని ఉంటారని అనుకుంటున్నాను. ఏడాది కూడా నిండకముందు, కొత్తగా నేర్చుకున్న భాషలో ముందుగా నోటికి వచ్చేవి తేల్చి చెప్పే వాక్యాలే. అదే తెలుగులో అయితే "కోలుకుంటాడేమో" అని ఉండేవారు, లేదా "నాకెందుకో ధైర్యంగా అనిపిస్తోందండీ" అని ఉండేవారు. ఆ "ఏమో"కు, ఆ "ఎందుకో"కు సరిపడే మాట మీకు ఆ భాషలో అప్పటికి పట్టుబడి ఉండదు. నేను కూడా పరాయి భాషలో ఐదేళ్లు సేవ చేశాను. మొదటి రెండేళ్లూ నా సందేహాలన్నీ ఎదుటివారికి నిశ్చయాలుగా వినిపించాయని ఒక సహోదరి చాలాకాలం తర్వాత మెల్లగా చెబితే గానీ నాకు తెలియలేదు. ఆ రోజు నా చెవులు ఎలా వేడెక్కాయో ఇప్పటికీ గుర్తుంది. "నాకు అనిపిస్తోంది", "నేను పొరబడుతూ ఉండవచ్చు", "ఇలా జరగాలని కోరుకుంటున్నాను" అన్న మాటలను ఈ వారమే అక్కడివారి దగ్గర నేర్చుకుని, నోరు తిరిగేదాకా పలకండి. మీ సేవకు ఈ మూడు మాటలు పెద్ద ప్రసంగమంత అవసరం.

భాషను పక్కన పెట్టినా, మీరు రెండు వేర్వేరు విషయాలను కలిపేశారు. ఆసుపత్రికి వెళ్లి ఆ తల్లి పక్కన కూర్చోవాలని అనిపించడం ఒకటి, ఆమె బిడ్డ బతుకుతాడని ప్రకటించడం మరొకటి. మొదటిది మీరు చేయవలసిన పని, ఆత్మ నడిపింపు అయి ఉండవచ్చు, మామూలు జాలి అయినా దానిలో నష్టమేమీ లేదు. రెండోది ఇంకొకరి జీవితాన్ని గురించిన వార్త. దాన్ని దేవుని పేరుతో చెప్పినప్పుడు ఎదుటి మనిషికి కాదనే దారి ఉండదు, ప్రశ్నించే వీలు కూడా ఉండదు. అందుకని "దేవుడు నాకు చెప్పాడు" అన్న మాటను ఇతరుల రోగం, పెళ్లి, డబ్బు, సంతానం విషయాల్లో ఇకమీదట ఎన్నడూ వాడకండి. ఇది నేను పట్టుబట్టి చెబుతున్న మాట. ప్రవచన వరాన్ని నమ్మే సంఘాల్లో సైతం, ఒకరు పలికినదాన్ని మిగిలినవారు వివేచించాలన్నదే కొరింథు సంఘానికి అపొస్తలుడైన పౌలు పెట్టిన నియమం. థెస్సలొనీకయులకు కూడా ఆత్మను ఆర్పవద్దని చెప్పిన వెంటనే, సమస్తాన్ని పరీక్షించమని రాశాడు. మొదటి హెచ్చరికనే పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం ఉత్సాహం ఉన్న సేవకులందరిలో కనిపించే పొరపాటు.

బైబిల్లో అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయాన్ని ఈసారి మీ కథగా చదువుకోండి. ఆసియలో వాక్యం చెప్పకుండా పరిశుద్ధాత్మ పౌలు బృందాన్ని ఆటంకపరిచాడు. బితూనియకు వెళ్లబోతే అదీ కుదరలేదు. త్రోయకు చేరేసరికి వారికి తెలిసినవల్లా ఎక్కడికి వెళ్లకూడదన్నదే. అక్కడ రాత్రివేళ మాసిదోనియవాడు ఒకడు రమ్మని వేడుకుంటున్నట్టు పౌలుకు దర్శనం కలిగింది. దర్శనం చూసింది పౌలు ఒక్కడే, కానీ దేవుడు పిలిచాడని నిశ్చయించుకున్న చోట "మేము" అని ఉంటుంది. వచ్చినదాన్ని నలుగురి మధ్య పెట్టి, అందరూ కలిసి ఒక అభిప్రాయానికి వచ్చారు. తీరా ఫిలిప్పీకి వెళ్తే ఎదురైంది దర్శనంలోని ఆ మనిషి కాదు, నది ఒడ్డున ప్రార్థనకు కూడిన స్త్రీలు, వారిలో లూదియ. ఆ తర్వాత దెబ్బలు, చెరసాల. అంత స్పష్టమైన నడిపింపు కూడా వారికి ముందుగా చెప్పింది తర్వాత వేయవలసిన అడుగునే గానీ, అక్కడ ఏం జరగబోతోందో కాదు.

ఇక ఆ వృద్ధురాలి సంగతి. ఆ సాయంత్రం మీరు వెనుదిరగడం వల్ల ఒక మనిషి రాత్రంతా నేల మీద పడి ఉండకుండా తప్పింది, అందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకోండి. అయితే ఆ ఒక్క రోజే మీకు కొలబద్ద అయి కూర్చుంది. ప్రేరేపణ నిజమైతే తలుపు వెనుక ఏదో ఒక అద్భుతం కనబడాలి, కనబడకపోతే నేను తప్పు విన్నాను అని మీరు లెక్క కట్టుకున్నారు. తలుపు తట్టి తిరిగి వచ్చిన రోజులను తప్పుల జాబితాలో ఎందుకు వేయాలి? అమెరికా మిషనరీ అడోనిరామ్ జడ్సన్ 1813లో బర్మాలోని రంగూన్ చేరితే, మొదటి వ్యక్తికి బాప్తిస్మం ఇచ్చింది 1819లో. ఆ ఆరేళ్లూ ఆయన తట్టిన తలుపులన్నీ పొరపాట్లని ఎవరూ అనరు.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఎడమ పేజీలో తేదీ, ఏం అనిపించింది, అప్పుడు మీరు ఏ స్థితిలో ఉన్నారు అన్నది రాయండి. నిద్ర సరిపోయిందా, ఆకలిగా ఉన్నారా, ఎవరితోనైనా మాటపట్టింపు వచ్చి ఉందా అన్నవి కూడా రాయండి. కుడి పేజీలో ఏం చేశారో, ఏం జరిగిందో రాయండి. ఏమీ జరగకపోతే "ఏమీ జరగలేదు" అని తప్పకుండా రాయండి, ఎందుకంటే మనసు నెరవేరిన వాటిని పదిలంగా దాచుకుని మిగతా వాటిని జారవిడుస్తుంది. నేను అలా రాసిన నోట్‌బుక్‌ను ఆరు నెలల తర్వాత తిరగేస్తే, "వెంటనే చెయ్యి, లేకపోతే ఏదో అయిపోతుంది" అన్న బెదిరింపుతో వచ్చినవి దాదాపు అన్నీ నిద్ర లేని రాత్రుల తర్వాతివేనని తేలింది. నెమ్మదిగా వచ్చి, రెండు రోజులు ఆగినా అలాగే నిలిచి, పేరు పెట్టి ఒక మనిషిని గుర్తుచేసినవి వేరుగా కనబడ్డాయి. మీ నోట్‌బుక్‌లో ఇలాగే ఉంటుందని నేను చెప్పలేను. మీ నడవడి మీకు కనబడటానికే అది.

మీ బృందపు పెద్ద మందలింపులో న్యాయముంది. పరాయి దేశంలో, చీకటిపడ్డాక, ఎక్కడికి వెళ్లారో ఎవరికీ తెలియకుండా ఒక స్త్రీ ఒంటరిగా వెళ్లడం ప్రమాదమే. మీకేమైనా అయితే ఆయన మీ సంఘానికి జవాబు చెప్పుకోవాలి, మీ అమ్మగారికి కూడా. పైగా విదేశీయులు మతాన్ని గురించి ఎక్కడ, ఎవరితో, ఎలా మాట్లాడవచ్చన్న చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. మీ ఒక్క అడుగు వల్ల ఇబ్బంది పడేది చాలాసార్లు మీరు కాదు, మీరు వెళ్లిపోయాక కూడా అక్కడే ఉండవలసిన స్థానిక విశ్వాసులు. అందుకని చిన్న ప్రేరేపణ వస్తే, అంటే ఒకరికి ఫోన్ చేయాలని, ఒకరిని పలకరించాలని అనిపిస్తే, సందేహించకుండా చేయండి, పొరబడినా పోయేదేమీ లేదు. దారి మార్చుకుని ఎక్కడికైనా వెళ్లాలనిపిస్తే ఒక సందేశం పెట్టి, తోడు తీసుకుని వెళ్లండి. ఇంకొకరి జీవితాన్ని గానీ, మీరు ఒప్పుకున్న బాధ్యతను గానీ మార్చేది ఏదైనా వస్తే, ఒక్కరే కదలకండి. బాల సమూయేలు దేవుని స్వరాన్ని మూడుసార్లు యాజకుడైన ఏలీ పిలుపనుకుని పరుగెత్తాడు. ఆ స్వరం ఎవరిదో ముందుగా గ్రహించింది చూపు మందగించిన ఆ ముసలివాడే. మీ పెద్దకు మీ అంత తీవ్రత లేకపోవచ్చు, అయినా ఆయనతో చెప్పి చూడండి.

"ఇంటికి వెళ్లిపో" అన్న మాట రాత్రిళ్లే వస్తోందని మీరే రాశారు. పగలు, సరిగా నిద్రపోయి లేచిన రోజున, పని సవ్యంగా సాగిన రోజున కూడా అది ఉందా? ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని తన ప్రాణం తీసుకోమని అడిగినప్పుడు, దేవుడు ఆయనతో వెంటనే వాదించలేదు. దూత రెండుసార్లు తట్టి లేపి అప్పం తినిపించి, నీళ్లు తాగించాడు, మధ్యలో ఆయన నిద్రపోయాడు. నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తర్వాత చాలా రోజులకు, హోరేబు కొండ దగ్గర. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలు విరిగి మంచం పట్టి, తన ఆలోచనల్లో ఏవి వెళ్లిపోయాక ఆనందం మిగులుతోందో, ఏవి వెళ్లిపోయాక శూన్యం మిగులుతోందో గమనించిన లొయోలా ఇగ్నేషియస్ (తర్వాత కాథలిక్కుల జెస్యూట్ సభను స్థాపించినవారు), ఆత్మ ఎండిపోయినట్టున్న సమయంలో అంతకుముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోవద్దని తర్వాత ఇతరులకు బోధించారు. మీ సంఘం ఏదైనా సరే, ఈ సలహా మీకు అక్కరకు వస్తుంది. పది రోజులు విశ్రాంతి అడగండి. మిమ్మల్ని పంపిన సంఘంలో సేవకుల బాగోగులు చూసేవారు ఉంటే, జరిగినదంతా వారితో మాట్లాడండి. నాలుగు నెలలుగా ఒక పిల్లవాడి చావును మీరు ఒంటరిగా మోస్తున్నారు.

అమ్మగారి విషయాన్ని ప్రేరేపణల లెక్కలో వేయకండి. ఆమెకే ఫోన్ చేసి సూటిగా అడగండి: ఒంట్లో ఎలా ఉంది, రాత్రిళ్లు ఎవరు తోడు, నేను రావాలని ఉందా. "నాకేం, బాగానే ఉన్నాను" అని తల్లులందరూ అంటారు కాబట్టి, దగ్గరలో ఉన్న బంధువులను కూడా అడగండి. ఆమెకు నిజంగా మీ అవసరం ఉందని తేలితే, అది తెలుసుకోవడానికి రాత్రి స్వరం అక్కర్లేదు. తల్లిని చూసుకోవడానికి మధ్యలో తిరిగి వెళ్లిన సేవకురాలు పిలుపును విడిచిపెట్టినట్టు కాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఇంకొక్క జాగ్రత్త. ఆ మాట చెవులకు బయటి గొంతులా వినిపిస్తున్నా, మీకు గానీ ఇతరులకు గానీ హాని చేయమని చెబుతున్నా, లేక ఏ పని చేసినా భయం కాసేపు తగ్గి మళ్లీ అదే పని చేయమని లోపల పోరు పెడుతున్నా, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి. చేసిన పాపాలనే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ స్పెయిన్‌లోని మాన్రేసా ఊరిలో నెలల తరబడి నలిగిపోయిన ఇగ్నేషియస్‌కు కూడా అలాంటి భయం తెలుసు. అది భక్తి లోపం కాదు, దానికి వైద్యం ఉంది.

నిర్ణయం మాత్రం చనిపోయిన ఆ అబ్బాయి తల్లి ఇంటికి వెళ్లి వచ్చిన తర్వాతే తీసుకోండి. "ఇంటికి వెళ్లిపో" అన్న మాట ఆ తలుపు తట్టకుండా తప్పించుకోవడానికి మీ మనసు వెతుక్కున్న దారేమోనని నాకు అనిపిస్తోంది, నేను పొరబడుతూ ఉండవచ్చు. వెళ్లి వచ్చాక, నాలుగు రాత్రులు కంటినిండా నిద్రపోయాక కూడా అదే మాట వినిపిస్తే, అమ్మగారు చెప్పినదీ, మీ నోట్‌బుక్‌లో రాసుకున్నదీ కలిపి మీ పెద్దల ముందు పెట్టండి. నాకు కూడా రాయండి.