జాంబీ ఓపెనింగ్‌లో జానర్ లక్షణాలు ఎన్ని ఉండాలి?

రెండు నిమిషాల ఓపెనింగ్‌లో జాంబీ (చచ్చి లేచి తిరిగే శవం) సినిమాల జానర్ లక్షణాలన్నీ, అంటే ఆ రకం సినిమాల్లో మామూలుగా కనిపించేవన్నీ పెట్టాలా, పెడితే చూసిందే మళ్లీ చూసినట్టు ఉంటుందా అని అడిగారు. కాలేజీ ప్రాజెక్టు కోసం మేం నలుగురం కలిసి సరిగ్గా ఇలాంటిదే తీశాం కాబట్టి మా అనుభవం చెబుతాను.

మొదటి ఎడిట్‌లో పొగమంచు, కాకులు, రేడియోలో అత్యవసర ప్రకటన, గోడ మీద రక్తపు చేతిముద్ర, చివర్లో ఒక కేక, అన్నీ కుక్కేశాం. చూసినవాళ్లెవరూ భయపడలేదు. ఒక్కొక్కటీ గుర్తుపట్టి, తర్వాత వచ్చేదేమిటో ముందే చెప్పేశారు. అది మమ్మల్ని చాలా బాధపెట్టింది.

అప్పుడు జార్జ్ రొమెరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' ఓపెనింగ్‌ను ఒక్కో షాట్ ఆపి చూశాం. అన్నాచెల్లెళ్లు శ్మశానానికి వస్తారు. వాళ్ల వెనకాల దూరంగా ఒక మనిషి నడుస్తూ ఉంటాడు. దారిన పోయేవాడే అనుకుంటాం. శ్మశానం అనగానే మనకు భయం సిద్ధంగా ఉంటుంది. ఆ భయం ఎటునుంచి వస్తుందో మాత్రం ఆయన దాచిపెట్టాడు. అన్నట్టు, ఆ సినిమాలో జాంబీ అనే మాట ఒక్కసారి కూడా వినిపించదు.

అందుకే రెండోసారి మూడింటినే ఉంచుకున్నాం: ఖాళీ వరండా, ఒంటరి అమ్మాయి, ఈడ్చుకుంటూ వచ్చే అడుగు. అమ్మాయి కుళాయి దగ్గర సీసా నింపుకుంటూ ఫోను చూస్తుంటుంది. వెనక మసకగా ఎవరో గోడవైపు తిరిగి నిలబడి ఉంటారు. సీసా నిండి నీళ్లు చేతిమీదుగా పొర్లుతాయి. ఆమె కుళాయి కట్టేస్తుంది. నీళ్ల చప్పుడు ఆగాకే చెప్పు నేలకు రాసుకుంటున్న శబ్దం వినిపిస్తుంది. నిజానికి ఆ శబ్దం అంతకుముందు నుంచే ఉంది, నీళ్ల హోరులో తెలియలేదు. ఈసారి గదిలో ఒక్కరు కూడా మాట్లాడలేదు. మొత్తం ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. ఆ శబ్దాన్ని మాత్రం విడిగా రికార్డు చేసుకోండి. కెమెరా మైకుతో పట్టింది పనికిరాలేదు.

మీ జాంబీ మెల్లగా నడుస్తుందా, పరుగెత్తుతుందా అనేది స్క్రిప్టు దశలోనే తేల్చుకోండి. మెల్లగా నడిస్తే కదలని పొడవైన షాట్ కావాలి, దగ్గరికి రావడం ప్రేక్షకుడు కళ్లారా చూడాలి. పరుగెత్తితే చిన్నచిన్న ముక్కలుగా కత్తిరించాలి. నటించేవాళ్లకు 'జాంబీలా నడవండి' అని చెప్పకండి, అందరూ చేతులు చాపేస్తారు. మేం ఒకరికి కుడి మోకాలు వంగదని, మరొకరికి మెడ నిలవదని చెప్పాం. నడక దానంతటదే వచ్చింది.

రక్తానికి ఎర్ర రంగు ఒక్కటే వాడితే కెమెరాలో పెయింటులా కనిపిస్తుంది. కొంచెం కోకో పొడి కలిపితే చిక్కబడి గోధుమ ఛాయ వస్తుంది. రొమెరో బృందం చాక్లెట్ సిరప్‌తోనే పని జరుపుకుంది, అది నలుపు తెలుపు సినిమా కాబట్టి సరిపోయింది.

మేకప్ బాగా కుదిరితే జాంబీ ముఖం చూపించాలని మనసు లాగుతుంది. దయచేసి ఆగండి. కుళాయి దగ్గరి అమ్మాయిలా మీ పాత్ర వెనక్కి తిరగడం మొదలుపెట్టగానే తెర నల్లబరచి టైటిల్ వేయండి. చెప్పు చప్పుడు మాత్రం టైటిల్ కింద మరో రెండు అడుగులు వినిపించనివ్వండి.