పాటల యాంప్లిఫైయర్ కోసం డిక్కీలో రెండో బ్యాటరీ పెట్టినా పొద్దున్నకి బండి స్టార్ట్ కావట్లేదంటే

రెండు బ్యాటరీలనీ నేరుగా కలిపేసి ఉంటారు. అందుకే మీరు పర్లాకిమిడి పెళ్లిలో రాత్రి ఇంజిన్ ఆపి పాటలు పెడితే రెండూ కలిసే ఖాళీ అయ్యాయి. మధ్యలో ఐసొలేటర్ రిలే (వోల్టేజిని బట్టి రెండు బ్యాటరీలనీ తనంతట తానే కలిపి విడదీసే స్విచ్) ఉండాలి. ఇంజిన్ తిరిగి వోల్టేజి సుమారు 13.3 దాటాక కలుపుతుంది, 12.8కి పడితే విడదీస్తుంది.

1. ముందు మెయిన్ బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి.

2. ఐసొలేటర్‌ని మెయిన్ బ్యాటరీ పక్కనే బిగించండి.

3. ఫ్యూజు. అందరూ తప్పేది ఇక్కడే. ముందువైపు ఒకటి వేసి సరిపోయిందనుకుంటారు. రెండు బ్యాటరీలనీ కలిపే ఈ పాజిటివ్ వైరుకి రెండు చివరలా కరెంటు ఉంది కదండీ! మధ్యలో బాడీకి తగిలితే డిక్కీ బ్యాటరీయే వైరుని కాల్చేస్తుంది. రెండు పాజిటివ్‌ల దగ్గరా, జానెడు లోపే ఒక్కోటి వేయండి. సైజు వైరు మోయగలిగినంతే, యాంప్లిఫైయర్ అడిగినంత కాదు. వైరు దూరే రేకు కన్నానికి రబ్బరు గ్రామెట్ (కన్నం అంచుకి తొడిగే రింగు) తప్పనిసరి. మన రాయగడ ఘాటీ కుదుపులకి తొడుగు ఇట్టే అరిగిపోతుంది.

4. నెగటివ్ కూడా అంతే లావు వైరు, పెయింటు గీకి బాడీకి.

5. డిక్కీలో నీళ్లు పోసే బ్యాటరీ వద్దు, హైడ్రోజన్ వస్తుంది. ఏజీఎం (నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ బ్యాటరీ) పెట్టి, కదలకుండా పట్టీ వేయండి.